నాంచారమ్మ కిటికీల అసలు సంగతి

ఈ కథ నాకు మొదట చెప్పింది గాజులమ్మే హుసేనమ్మ. దారినపోయే దానయ్య కాదు. జువ్వలపాడులో నాంచారమ్మ ఇంటి అరుగు మీద గాజుల మలారం దించుకుని, ఆ ఇంటి మజ్జిగ తాగి, జరిగిందంతా రెండు కళ్ళతో చూసిన మనిషి. కాబట్టి మధ్యలో ఎవురూ "అట్టా కాదు తాతా, మేం ఇంకోరకంగా విన్నాం" అనబాకండి. మీరు ఇంకోరకంగానే విన్నారు, నాకు తెలుసు. దాన్ని కాస్త అవతల పెట్టి వినండి.

నాంచారమ్మంటే గురవయ్య పెళ్ళాం. గురవయ్యది నాపరాళ్ళ క్వారీలో పని, ఎప్పుడో వారానికోసారి ఇల్లు చూసేవాడు. ఇంట్లో ఉండేది నాంచారమ్మా, ఆడబిడ్డ అంకమ్మా. ఈ అంకమ్మ గురవయ్యకి అక్క. మొగుడు పోయినాక అత్తారోళ్ళు గుమ్మం తొక్కనీలేదంట, తమ్ముడి పంచన చేరింది. మనిషి మంచిదే, కాకపోతే ఆచారమంటే ప్రాణం. సరే, ఆ ఇంటికి దొడ్డివైపు రెండు కిటికీలు, ఒక్కోదానికి ఒక్కటే రెక్క. అటుపక్క డొంక. ఊళ్ళోవాళ్ళు చేలకి పోవాలన్నా ఆ డొంకే, రావాలన్నా ఆ డొంకే. అంటే ఆ కిటికీలు ఊరందరి కళ్ళ ముందర ఉన్నట్టే అనుకో. ఎండకీ వానకీ రంగంతా పెచ్చులు లేచిపోయి, చెక్క పగుళ్ళిచ్చి, చూడటానికే రోతగా తయారైనయ్. రంగేయించాలంటే ఆ ఊళ్ళో ఉన్నది ఒక్కడే, పేరయ్య. వాణ్ణి అడిగితే రేపొస్తానంటాడు. రేపు పోతే మాపొస్తానంటాడు. వాడికి పెద్దిళ్ళ పని తగిలితే చిన్నిళ్ళు కనపడవు. అప్పుడూ అంతే, ఇప్పుడు వాడి మనవడూ అంతే, చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఏమైందంటే, ఒకరోజు పిండిమర కాడ జనమంతా ఉండగా నాంచారమ్మకి పేరయ్య ఎదురుపడ్డాడు. "ఏం బాబాయ్, ఈ జన్మలో వస్తావా మా ఇంటికి?" అన్నదంట. "తొందరెందుకమ్మాయ్, కిటికీలు యాడికన్నా పోతయ్యా" అన్నాడంట. చుట్టూతా ఉన్నోళ్ళు నవ్వారు. దానికి రోషమొచ్చింది. "నువ్వు రాబాక. నా ఇంటి కిటికీలకి నేనే వేసుకుంటా రంగు" అంది. వాడు ఎగాదిగా చూసి, "కాళ్ళకి పారాణి పెట్టుకోవడం అనుకున్నావా ఏందమ్మాయ్? ఆడోళ్ళు కుంచె పడితే రంగు చెక్కకి కాదు, చీరకంటుద్ది" అన్నాడు. చూడండి ఎట్టాంటి మాటో. అప్పుడు నాంచారమ్మ తిరగల్లో గింజ నలిగినట్టు ఒక్కో మాటా అన్నదంట: "ఆదివారం పొద్దున వచ్చి నీ చేత్తో నువ్వే తెరిచి మూసి చూసుకో. తప్పు దొరికితే ఈ ఊళ్ళో నేను మళ్ళీ కుంచె ముట్టుకోను, నా మాటకి విలువ లేదనుకో. దొరక్కపోతే మాత్రం, ఇదే పిండిమర కాడ, ఇంతమందిలో, బాగుందని నీ నోటితో చెప్పాలి." "ఓ, అట్టాగే" అన్నాడు పేరయ్య. మర కాడ ఉన్న ఆడాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎందుకంటారా? వాళ్ళ ఇళ్ళల్లోనూ పెచ్చులూడిన కిటికీలే కదా. ఇది వేసుకుంటే మనమూ వేసుకుందామని వాళ్ళ ఆశ. అందుకనే ఆ కిటికీలు ఒక్క నాంచారమ్మవే అనుకోబాకండి.

ఇంక పని మొదలుపెట్టింది. అట్టాంటి ఇట్టాంటి పని కాదు. ముందర పాత కొడవలి మొండితో పెచ్చులన్నీ గీకింది. గరుకు కాయితం పెట్టి రుద్దింది, రుద్దింది, రుద్దింది, చెంప ఆనిస్తే గుచ్చుకోకుండా ఉండేదాకా రుద్దింది. సుద్దపొడి అవిసె నూనెలో కలిపి, చపాతి పిండిలాగా పిసికి, మేకు బొక్కలూ పగుళ్ళూ పూడ్చింది. అది ఆరినాక మళ్ళీ రుద్దుడు. తరవాత తెల్ల ప్రైమరు ఒక పూత. ఆ పైన నీలం. కుంచె సగం కూడా ముంచేది కాదంట, కొస మాత్రం ముంచి, డబ్బా అంచుకి ఒత్తి, పై నుంచి కిందికి ఒక్క తీరుగా లాగేది. శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాసే చెయ్యి కదా, చార పడనిస్తదా? హుసేనమ్మ నాతో అన్నది, "బాబూ, ఆ రంగులో నా మొహం కనపడింది, ముక్కుపుడకతో సహా" అని. పేరయ్య పెద్దిళ్ళల్లో వేసిన రంగు నేను చూశాను. కారి కారి కొవ్వొత్తి లాగా ఉండేది. వాడికి పేరు, దీనికి నగుబాటు!

శనివారం మధ్యాన్నానికి ఆఖరి పూత అయిపోయింది. రెక్కలు బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా పురికొసతో చువ్వలకి కట్టింది. "వదినా, పొద్దున్నదాకా కిటికీల జోలికి పోబాక, పచ్చిగా ఉన్నయ్" అని చెప్పింది. అంకమ్మ సరేనంది. ఇంతలో గేదె ఇంటికి రాలేదని నాంచారమ్మ కాలవగట్టు వెంట వెతకడానికి పోయింది. పొద్దు గూకింది. దీపం పెట్టే వేళయింది. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఆ వేళకి ఏం చేస్తాం? వీధి తలుపు తెరుస్తాం, దొడ్డివైపు మూస్తాం. ముందు గుమ్మాన వచ్చిన లక్ష్మి వెనకమాల నుంచి ఎల్లిపోకూడదని. అంకమ్మ పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని అది, మనిషి మర్చిపోయినా చెయ్యి మర్చిపోదు. దీపం వెలిగించింది, దొడ్డి తలుపు మూసింది, అదే ఊపులో పురికొసలు విప్పి కిటికీ రెక్కలు రెండూ దగ్గరికి లాగి, గట్టిగా నొక్కి, గడియ పెట్టింది. విప్పిన కొసలు చుట్టచుట్టి మేక్కి తగిలించింది కూడాను! మలారం ఎత్తుకుని పోబోతా హుసేనమ్మ ఇదంతా చూసింది. రంగు ఆరిపోయిందేమోలే అనుకుంది. నాంచారమ్మ గేదెని తోలుకొచ్చేసరికి చీకటి పడింది. రంగు వాసనకి ఆ గదిలోకి పోకుండా ఇద్దరూ వసారాలోనే పడుకున్నారు.

తెల్లారింది. పేరయ్య వచ్చాడు, ఒక్కడు కాదు, డొంక పట్టినంత మందిని ఎంటేసుకుని వచ్చాడు. గదిలోకి పోయి గడియ తీసి నెట్టాడు. రాలేదు. భుజం పెట్టాడు. రాలేదు. ఇంక చూడు నవ్వులు! "ఇదేం రంగే తల్లీ, బంక రాశావా?" అని ఒకడు. "దొంగలు రాకుండా ముందుచూపు" అని ఇంకొకడు. పేరయ్య అయితే డొంకలోకి పోయి అరుస్తున్నాడు, "గురవయ్యకి కబురు పెట్టండ్రా, ఇంటికి గాలి కావాలంటే గోడ పగలగొట్టుకోవాలని!" నాంచారమ్మ కిటికీల దగ్గరికి పోయింది. తెరిచి కట్టిన కిటికీలు మూసుకోవడమేంది? అప్పుడు చూసింది, మేక్కి చుట్టచుట్టి ఉన్న పురికొసలు. తలుపు చాటున చూసింది, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ వదిన.

నోటిదాకా వచ్చింది మాట. "నేను కాదు, మా వదిన మూసింది" అంటే అయిపోయేది. ఒక్క మాట! కానీ అంతకుముందే గురవయ్య అక్క మీద మండిపడి ఉన్నాడు. గేదె తవుడనుకుని వాడి విత్తనాల సంచిలో గంజి నీళ్ళు పోసిందని, "ఇంకొక్క పని చెడగొట్టావంటే నీ దారి నువ్వు చూసుకో" అని పెద్దగా అరిచి మరీ పోయాడు. ఆమెకి ఇంకో దారి యాడుంది? నాంచారమ్మ ఆ మాట మింగేసింది. పేరయ్యకి ఎదురుగా వచ్చి, "అవును, అతుక్కున్నయ్. నా కిటికీలు, నేనే ఊడదీసుకుంటా. చూసింది చాలు, పోండి" అన్నది. వాళ్ళు నవ్వుకుంటా పోయారు. చూశారా, అక్కడే పోయారు. అదీ నా కడుపుమంట. కథ అయిపోయిందనుకుని పోయారు!

వాళ్ళు పోయినాక అది రంపపు బ్లేడుకి పట్టుకునే కాడ గుడ్డ చుట్టి, రెక్కకీ ఫ్రేముకీ మధ్య సందులో పెట్టి, జుట్టు చిక్కు తీసినట్టు మెల్లమెల్లగా కోసుకుంటా వచ్చింది. అంకమ్మ పక్కన కూలబడి, "ఎందుకు చెప్పలేదే నాంచారూ? నన్ను చూపించకపోయావా?" అని ఏడుస్తంది. "చూపిస్తే నువ్వు యాడ తింటావు వదినా? ఆ ఏడుపు ఆపి రెక్క పట్టుకో, ఊగుతంది" అన్నదంట. ఒక రెక్క వచ్చింది. రెండోదీ వచ్చింది. చెక్క చిట్లలేదు, రంగు మాత్రం అంచుల్లో చిరిగింది. మళ్ళీ గీకింది, మళ్ళీ రుద్దింది, మళ్ళీ వేసింది. ఈసారి ఆరేదాకా అంకమ్మ కుక్కిమంచం వేసుకుని కాపలా కూచుంది, పిల్లిని కూడా అటు రానీలేదు. ఆరినాక ఎట్టా ఉన్నయ్యనుకున్నారు? వేలు పెట్టి నెడితే తెరుచుకునేవి, వేలు పెట్టి లాగితే మూసుకునేవి. నాంచారమ్మ పిండిమర కాడికి పోయి, "బాబాయ్, ఇప్పుడొచ్చి చూడు" అన్నది. పేరయ్య తలైనా ఎత్తలేదంట. "ఆ పంచాయితీ ఎప్పుడో అయిపోయిందిగా అమ్మాయ్" అన్నాడు. ఒక్కడంటే ఒక్కడు రాలేదు చూడటానికి. మర కాడ ఆడాళ్ళు కూడా తలలు తిప్పుకున్నారు. ఆ తరవాత ఆ ఊళ్ళో ఏ ఆడదీ కుంచె పట్టలేదు, పేరయ్య రేపొస్తా మాపొస్తా అంటానే బతికేశాడు. నాంచారమ్మ మాత్రం ఆ రెండు కిటికీలు పూర్తి చేసినాక, ఇచ్చిన మాట ప్రకారం మళ్ళీ కుంచె ముట్టుకోలేదు. నువ్వు చూసింది నీ కడుపులోనే ఉంచుకో అని హుసేనమ్మ చేత ఒట్టు కూడా వేయించుకుంది. వదినా మరదళ్ళు ఇద్దరూ పోయినాకనే హుసేనమ్మ నాకు చెప్పింది.

ఇప్పుడు నేను ఎందుకు చెప్తున్నానంటే, మొన్న ఆ ఊరి బళ్ళో పిల్లకాయల చేత నాటిక ఆడించారంట. నాంచారమ్మ వేషం కట్టిన పిల్ల కిటికీకి చేతులతుక్కుని గింజుకుంటంటే పెద్దోళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారంట. రాసింది మేష్టరే. చదువుకున్న మనిషి, ఒక్కరిని అడిగి రాయొచ్చు కదా? నాకు సంతకం కాడికే చదువు, నేను రాయలేను. మీలో రాయగలిగినోళ్ళు ఎవురన్నా ఉంటే ఆ మేష్టరికి రాయండయ్యా. వదిన పేరు పెట్టమని కాదు, ఆమె జోలికి పోవద్దు. నాంచారమ్మ కిటికీలు తెరుచుకున్నయ్ అని, అది తన చేత్తోనే తెరిచిందని, అంతవరకూ కలిపి మళ్ళీ ఆడించమని రాయండి.