మందులు: లేవు

ఆసుపత్రి కింది అంతస్తు. రేడియేషన్ గదికి ఎదురుగా బాత్రూమ్. తమ్ముడు లోపల గడియ వేసుకున్నాడు, అక్క బయట నిలబడి ఉంది.

"తలుపు తియ్యరా చిన్నోడా."

"వస్తున్నా."

"అరగంట నుంచి వస్తూనే ఉన్నావు. నీ తర్వాత రావలసిన పెద్దాయన్ని ముందు పంపేశారు. ఇక మిగిలింది నువ్వే."

"కడుపు బాలేదక్కా."

"కుళాయి చప్పుడు తప్ప ఏం వినబడట్లేదు. ముందు ఆ కుళాయి కట్టెయ్."

"కట్టను. అదుంటేనే కాస్త నయం."

"ఏం నయం?"

"ఏం లేదు."

"పోయిన వారం ఒక రోజు ఎగ్గొట్టావు. మొన్న ఇంకోటి. మూడోది కూడా ఎగ్గొడితే మొత్తం ఆపేస్తానని డాక్టరు గారు నీ ఎదురుగానే అన్నారా, లేదా?"

"అన్నారు."

"ముప్పై మూడింట్లో పధ్నాలుగు అయ్యాయి. గొంతులో గడ్డ సగానికి తగ్గిందట. నిన్న గ్లాసుడు పాలు ఆగకుండా తాగావు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, తెలుసా?"

"వినబడింది."

"మరి?"

"మాస్కు బిగుతుగా ఉందక్కా."

"తల కదలకూడదని అందరికీ అంతే బిగిస్తారు."

"కాలరుకి రెండు వేళ్ళ సందు వదలాలి. ఇరవై ఏళ్ళు కుట్టాను. ఎంత తక్కువ గుడ్డ తెచ్చినా రెండు వేళ్ళు వదిలాను. వీళ్ళేమో ముఖం మొత్తం కొలత తీసి ఒక్క వేలు సందు కూడా వదల్లేదు. పైగా బల్లకేసి బిగిస్తారు. నేనిలా కుట్టుంటే బేరాలన్నీ ఎదురుగా ఉన్న కొట్టుకే పోయేవి."

"పది నిమిషాలేరా."

"నీకు పది. నేను అక్కడ చేతులు కదపలేను, చెవులు మూసుకోలేను."

"చెవులెందుకు మూసుకోవడం?"

"ఊరికే అన్నాలే."

"అమ్మా, మిషన్ దగ్గర నేను ఎదురుచూస్తున్నాను, ఇంకా రాలేదా ఆయన?"

"వచ్చేస్తున్నాడు సార్. కడుపు బాలేదట. మీరు వెళ్ళి మిషన్ సిద్ధం చేసుకోండి, నేను తీసుకొస్తాను."

"మిషన్ సిద్ధంగానే ఉంది. పన్నెండింటికి సర్వీసు వాళ్ళొస్తారు, ఆపెయ్యాలి. ఇంకా ఇరవై నిమిషాలుంది, అంతకు మించి నా చేతిలో లేదు. ఇంకో మాట, ఏమనుకోకండి. పొద్దున ఆయన నా పక్క నుంచి వెళ్తుంటే వాసనొచ్చింది."

"అది దగ్గు మందు."

"దగ్గు మందు వాసన నాకు తెలుసమ్మా."

"చిన్నోడా! తాగావా?"

"కొంచెం."

"ఎనభై రోజులు! ఎనభై రోజులు ముట్టుకోలేదు కదరా! క్యాలెండరు మీద రోజూ నువ్వే గీత కొడుతున్నావు కదరా!"

"గీతలు నిజమే. నిన్నటిదాకా నిజమే."

"మరి ఇవాళ ఏమొచ్చింది?"

"వాళ్ళు ఊరుకుంటారని."

"ఎవరు?"

"కుళాయి కట్టించకక్కా. నీకు దణ్ణం పెడతాను."

"ఎవర్రా? ఎవరు ఊరుకోవాలి? అయ్యో, దేవుడా."

"ఎవరి గురించమ్మా ఆయన అంటున్నది?"

"ఎవరూ లేరు సార్. ఇరుగుపొరుగువాళ్ళు. ఏదో గొడవ."

"అమ్మా, భయం తగ్గడానికి సూది అడిగితే డాక్టరు గారు ఇస్తారేమో. కానీ ఆయన వాడే మందులన్నీ తెలియాలి. చేరినప్పటి కాగితంలో ఇతర జబ్బులు లేవు, మందులు లేవు, అలవాట్లు లేవు అని ఉంది. సంతకం మీదే. అంతేనా?"

"అంతే."

"ఊరికే అడగట్లేదు. తాగిన మనిషికి తెలియక సూది వేస్తే ఊపిరే ఆగిపోవచ్చు."

"వద్దు! వద్దు సార్. అబద్ధం. నేను రాసిందంతా అబద్ధం. వాడికి ఇరవై రెండో ఏట నుంచీ చెవిలో ఎవరెవరో మాట్లాడతారు. రోజూ మాత్ర వేసుకోవాలి. తాగుడూ ఉంది. అన్నీ ఉన్నాయి."

"ఎందుకు దాచారమ్మా?"

"చెప్పిన చోటల్లా తరిమారు కనక! మొదటి ఆసుపత్రిలో, ముందు మనసు బాగుచేయించి తీసుకురండి అన్నారు. మనసు డాక్టరేమో ముందు గొంతు సంగతి చూడండి అన్నాడు. తాగుడు మాన్పించే చోట, గొంతులో గడ్డ ఉన్నవాణ్ణి చేర్చుకోం పొమ్మన్నారు. మూడు నెలలు ముగ్గురూ కలిసి మమ్మల్ని బంతాట ఆడారు. ఒకావిడ నా ముఖం మీదే అంది, ఇలాంటివాడికి ఇంత వైద్యం దండగ అని. ఈలోగా శనగ గింజంత గడ్డ నిమ్మకాయంత అయింది. తర్వాత ఇక్కడికొచ్చాం. మూడు ఖాళీలున్న కాగితం ఇచ్చారు. మూడు చోట్లా లేవు అని రాశాను. మర్నాడే పని మొదలెట్టారు! నేను చేసింది తప్పా, మీరే చెప్పండి?"

"నేను చెప్పలేనమ్మా. కానీ రాసుంటే మాస్కుకి కళ్ళ దగ్గరా, నోటి దగ్గరా కోసిచ్చేవాళ్ళం. భయపడేవాళ్ళకి చేస్తుంటాం. ఐదు నిమిషాల పని."

"ఐదు నిమిషాలా?"

"అంతే."

"పధ్నాలుగు సార్లు... వాడు ఆ మాటలు వింటూ, కళ్ళు తెరవలేక... అయ్యో, నేనేం చేశాను సార్!"

"ఏడవకండి. డాక్టరు గారికి ఫోన్ చేస్తాను, ఉన్నదున్నట్టు చెప్తాను. పంపించెయ్యమని ఆయనన్నా నేను ఊరుకోను. టైలర్ గారూ! వినబడుతోందా? మాస్కు తీసుకొస్తాను. ఎక్కడ కొయ్యాలో మీరే గుర్తు పెట్టండి. కొలత మీది, కత్తెర నాది."

"సుద్ద ఉందా?"

"స్కెచ్ పెన్ను ఉంది."

"ఊఁ. సర్దుకుంటాలెండి."

"విన్నావా చిన్నోడా? కోస్తారట. నీకు కావలసినట్టే కోస్తారట. ఆయన ఫోన్ చేయడానికి వెళ్ళాడు. ఇక తలుపు తియ్యి నాయనా."

"వాళ్ళకి చెప్పేశావా అక్కా?"

"చెప్పేశాను."

"మాత్రల సంగతి కూడా?"

"అన్నీ."

"మనల్ని పంపెయ్యరా?"

"పంపనివ్వనన్నాడు. కానీ నాకొకటి అర్థం కావట్లేదు. ఆదివారం ఆదివారం నేనే డబ్బా నింపుతున్నాను. ఏడు గళ్ళు, ఏడు మాత్రలు. పొద్దున్నే చూస్తే గడి ఖాళీ. మరి వాళ్ళెలా తిరిగొచ్చారు?"

"ఖాళీ అయితే నేనే చేశాను."

"చిన్నోడా."

"నా కోటు అస్తరులో ఉన్నాయి. ఇరవై తొమ్మిది. లోపల పెట్టి కుట్టేశాను."

"కుట్టేశావా?"

"కుట్టు కనబడదులే. చేత్తో కుట్టాను."

"ఎందుకురా? మత్తుగా ఉంటుందనా? నా మీద కోపమా? నేను నీకేం అన్యాయం చేశానురా? నీ కోసం అబద్ధం రాశానే!"

"నువ్వు రాస్తుంటే భుజం మీద నుంచి చూశానక్కా. మర్నాడు రక్తం తీస్తామన్నారు. అందులో మాత్ర దొరికితే నిన్ను అబద్ధాలకోరు అంటారు కదా. అందుకే, నువ్వు రాసింది నిజం చేశాను."