వంటింట్లోంచి బాగుచేసిన మిషను

"ఓయ్‌గెన్! కస్టమ్స్ వాళ్ళు మీ ఇంటికే వస్తున్నారు, చూసుకో!"

విన్నారా అమ్మా ఆ కేక? వీధి చివర్నుంచి మా ట్రూడె. మీరు నా గుమ్మంలో నిలబడి గుర్తింపు కార్డు కూడా చూపించేశారు, ఆవిడ ఇప్పుడు హెచ్చరిస్తోంది! ఒసే ట్రూడే, చూశానే, నాకూ కళ్ళున్నాయి!

రండి టెస్మర్ గారూ, లోపలికి రండి. మెట్టు తడిగా ఉంది, జాగ్రత్త. ఇప్పుడే కడిగాను. మీది హాంబుర్గ్ వైపు కదా, మీకు తెలీదేమో, మా ష్వాబెన్‌లో శనివారం ఇంటి ముందు ఊడవకపోతే హత్య చేసినవాడిని చూసినట్టు చూస్తారు. ఒక వారం కిందివాటా, ఒక వారం పైవాటా. ఈ వారం వంతు పైవాటాది. కానీ పైవాటా వాడికి నడుం నొప్పిట. అందుకని చీపురు నా చేతిలో ఉంది.

పైవాటా వాడంటే ఎవరో తెలుసుగా? వోల్ఫ్రామ్. నా భార్య గెర్లిండెకి సొంత తమ్ముడు. నిన్న పొద్దంతా మీ ఆఫీసులో కూర్చోబెట్టి ప్రశ్నలడిగి పంపించారు చూడండి, వాడే.

కూర్చోండి. మీ తోటి ఆయన బండి ఎక్కడో పెట్టి వస్తానన్నారుగా, ఈ సందుల్లో చోటు దొరికేసరికి ఆయనకి గడ్డం పెరుగుతుంది.

ఏమన్నారు? మౌనంగా ఉండే హక్కు ఉందా? నాకా? హహ్హ! మా వీధిలో ఎవర్నయినా అడగండమ్మా, ఆ హక్కు నేనింతవరకూ ఒక్కసారి కూడా వాడుకోలేదు.

సరే, గుమ్మంలో చెప్పిన మాట ఇంకోసారి చెప్పండి. చేతిలో బకెట్టుంది, బుర్రకెక్కలేదు. వోల్ఫ్రామ్ ఏమన్నాడు?

...

"అదంతా ముసలాయనే సొంతంగా చేశాడు, ఆయనకి అన్నీ తెలుసు, నాకేం సంబంధం లేదు."

అలాగన్నాడా? అచ్చంగా ఆ మాటలే?

ఓహో.

లేదమ్మా, నవ్వుతున్నానని ఏమీ అనుకోకండి. నా ముఖమే అంత. మా నాన్నని పూడ్చిపెట్టిన రోజు కూడా పాస్టరు గారు నన్ను చూసి కోప్పడ్డారు.

ఆగండి, మొదట్నుంచి చెప్తాను. కొండ కింద ఫ్యాక్టరీ చూశారుగా, ఇనుము చెక్కే మిషన్లు చేస్తారు. నేనక్కడ మిషన్లు బిగించే మేస్త్రిని. పెద్ద చదువు లేదు, బడి అయిపోగానే అందులో చేరాను, జుట్టు నెరిశాక బయటికొచ్చాను. వోల్ఫ్రామ్‌ని అక్కడ పెట్టించింది నేనే. నా పెళ్ళినాటికి వాడు బుడతడు, ఊరేగింపులో నా భుజాలమీద కూర్చుని నా టోపీ ఊడబీకాడు. పెద్దయ్యాక సూటేసుకుని విదేశాలకి అమ్మకాలు చూసే స్థాయికొచ్చాడు. నాకెంత గర్వమో! ఊళ్ళో అందరికీ చెప్పేవాణ్ణి, మావాడు పది భాషల్లో బేరం ఆడతాడని.

నేను దిగిపోయేముందు ఆఖరుగా బిగించిన మిషను ఒకటుంది. దాన్ని కజకిస్తాన్ కంపెనీ కొనుక్కుంది. రష్యాకి పోనివ్వం అని రాసి కూడా ఇచ్చారట. యుద్ధం మొదలయ్యాక యూరప్ అంతా పెట్టిన ఆంక్షలు తెలుసు నాకు, టీవీలో చూస్తూనే ఉన్నాను. అలాంటి మిషన్లు రష్యాకి అమ్మకూడదు. మధ్యలో ఇంకో దేశాన్ని అడ్డం పెట్టి పంపినా నేరమే.

ఒక మధ్యాహ్నం వోల్ఫ్రామ్ ఫోను పట్టుకుని కిందికొచ్చాడు. ఇదిగో, ఈ బల్ల దగ్గరికే.

"బావా, నీ చేతి మిషను అక్కడ మొరాయించింది. పాల సీసాల మూతలకి అచ్చులు చేసే ఫ్యాక్టరీ, పాపం పని ఆగిపోయింది. ఒక్కసారి విను."

"ఫ్యాక్టరీలో కుర్రాళ్ళున్నారుగా, వాళ్ళనడగరా" అన్నాను.

"వాళ్ళకి కంప్యూటర్లున్నాయి బావా, చెవులు లేవు" అన్నాడు.

చూశారా! ఎక్కడ గోకితే నాకు హాయిగా ఉంటుందో వాడికి బాగా తెలుసు.

ఏమిటీ? ఎక్కడుందని నేనెందుకు అడగలేదా?

అడగమమ్మా. అదే మా రోగం. మిషను ఆగిందంటే మేము ఎక్కడ అనం, ఎవరిది అనం. ఏ చప్పుడు వస్తోందంటాం. నాకు పని నేర్పిన మేస్త్రి నోరు తెరిస్తే తిట్టేవాడు, ముందు వినరా వెధవా అని. నేను నా కుర్రాళ్ళకీ అదే నేర్పాను. ఈ ఊళ్ళో ఏ మేస్త్రి ఇంటికైనా ఫోను తీసుకెళ్ళండి, అందరూ ఇలాగే చెవి పెడతారు.

ఫ్యాక్టరీలో అయితే అలా కుదరదు, నిజమే. అక్కడ కళ్ళద్దాలావిడ ఒకావిడ కూర్చుంటుంది, ఆంక్షలు చూసే ఆవిడ. మిషను ఇప్పుడెక్కడుంది, ఎవరి చేతిలో ఉంది, ఏం చేస్తోంది, అన్నీ తేలాకే ఎవడైనా దానిమీద చెయ్యి వెయ్యాలి. అందుకేగా వాడు ఆవిడ దగ్గరికి పోకుండా నా వంటింట్లోకొచ్చాడు! ఇక్కడ కళ్ళద్దాలావిడ లేదు. చెవులున్న వెర్రివాడు ఒకడున్నాడు.

ఫోనులో విన్నాను. దాని గొంతు నాకు తెలుసమ్మా, గురకలాంటి చప్పుడు. మోసుకెళ్ళేటప్పుడు కుడిపక్క బిగింపు కదిలింది. అవతలివాడికి చెప్పాను, వోల్ఫ్రామ్ వాడి భాషలో చెప్పాడు, వాడు బిగించాడు. అంతే! మిషను పాడినట్టు తిరిగింది. నేనీ వంటింట్లో గంతులేశాను. గెర్లిండె చప్పట్లు కొట్టింది. వోల్ఫ్రామ్ నన్ను కావిలించుకుని రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టాడు.

ఆ ఆనందం ఎలాంటిదో మీకెలా చెప్పను? పని మానేసినవాణ్ణి మళ్ళీ పిలిచి, నీ అవసరం ఉంది రా అన్నట్టు.

...

ఇప్పుడు మీరు, ఫోనులో సలహా చెప్పినా నేరమే అంటున్నారు. మాటకి కూడా నిషేధమా అని నవ్వొచ్చింది. కానీ నిజమేలెండి. నా మాటతోనే కదా అది తిరిగింది.

మీ చేతిలోని ఆ ఫోటో ఇలా ఇవ్వండి. ఆఁ, ఇదే. నా మిషనే. రష్యాలోనా? అప్పుడే అక్కడుందా, నేను ఫోను పట్టుకున్నరోజునే?

అక్కడ ఏం చేస్తోందమ్మా అది?

పాల సీసాల మూతలు కాదా?

... తల తిప్పుకున్నారేం?

సరే. చెప్పకండి. వద్దు, చెప్పకండి.

వింటున్నారా పైన అడుగులు? అటు గోడదాకా, మళ్ళీ ఇటు. నడుం నొప్పిగలవాడు భలే నడుస్తున్నాడు.

తెలిసి చేశాడంటారా? ఆ ఫోను పట్టుకొచ్చినప్పుడే తెలుసా? మరి నన్ను ముద్దెందుకు పెట్టుకున్నాడమ్మా? మోసం చేసేవాడు మోసం చేసి పోవాలి, ముద్దెందుకు?

ఫోను ఎవరిదా, నంబరు ఎవరు నొక్కారా, కజకిస్తాన్ అని ఎవరన్నారా... అవన్నీ చెప్తే ఏమవుతుంది? వాడు జైలుకి పోతాడు, అంతేనా? చెప్పకపోతే నేను. అంతే కదా లెక్క?

చూడండి, ఒకటడుగుతాను, కోప్పడకండి. ముసలాయనే చేశాడని రాసేసుకోండి. నాకేముంది, లోపల కూర్చున్నా మాట్లాడుకుంటాను, గోడలకి కథలు చెప్తాను. గెర్లిండెకి ఇంకో తమ్ముడు లేడమ్మా.

కుదరదా? జరిగినదే రాస్తారా?

సాక్షి ఉన్నారా అంటే... ఉంది. కానీ ఆమెని అడక్కండి. దయచేసి. అది మాత్రం వద్దు.

అయ్యో, నువ్వెందుకొచ్చావే? లోపలుండు, మేం ఏదో మాట్లాడుకుంటున్నాం. ఆ గరిటె కింద పెట్టు ముందు, చుక్కలు పడుతున్నాయి.

"నువ్వు కాసేపు ఆగవయ్యా. మేడమ్, రాసుకోండి. ఫోను మా తమ్ముడిది. నంబరు వాడే నొక్కాడు. కజకిస్తాన్, పాల సీసాలు, అన్నీ వాడి నోటినుంచే వచ్చాయి. నేనిక్కడే నిలబడి విన్నాను, చప్పట్లు కూడా కొట్టాను."

గెర్లిండే, వాడు నీ తమ్ముడే!

"తెలుసు. నేనే ఎత్తుకు పెంచాను. ఇంకెక్కడైనా చేసుకోవచ్చుగా వాడు? నా వంటింట్లోకి తెచ్చాడు."

...

విన్నారుగా. రాసుకోండి. నేను చెప్పాల్సింది ఆమె చెప్పేసింది. మీరన్న ఆ మౌనంగా ఉండే హక్కు ఇప్పుడు వాడుకోవాలనిపిస్తోంది. నాకు! ట్రూడెకి చెప్పినా నమ్మదు.

వెళ్ళిపోతారా? మీ బండి రాలేదుగా, వాన కూడా మొదలైంది. కూర్చోండి, చర్చిలో మధ్యాహ్నం గంట కొట్టేశారు. మాకు శనివారం పప్పు, పిండి నూడుల్స్, సాసేజి. ఆఁ, తెలుసు, మీరు మా ఇంట్లో ఏమీ ముట్టకూడదు. మీ సంచిలో మీ రొట్టె ఉందా? అయితే ఇంకేం, మీ రొట్టె మీరు తినండి, బల్లే కదా మాది.

గెర్లిండె ఏదీ? మెట్ల దగ్గరికెళ్ళింది. ఏం పిలుస్తోంది? వినండి.

"వోల్ఫ్రామ్! తిండి చల్లారిపోతోంది, దిగు!"

దిగుతున్నాడు. స్లిప్పర్ల చప్పుడు. మిమ్మల్ని చూసి గుమ్మంలో ఆగిపోయాడు చూడండి, ముఖం సున్నం కొట్టినట్టయింది. గెర్లిండెని చూడండి. కుర్చీ లాగింది, అంతే.

కూర్చోరా. కూర్చో. ఆవిడ నిన్నేం తినెయ్యదు, రొట్టె తెచ్చుకుంది.

నా వైపు చూడకు, పళ్ళెం వైపు చూడు. అమ్మా టెస్మర్ గారూ, ఆ ఉప్పు కాస్త వాడి వైపు జరపండి, వాడెప్పుడూ ఎక్కువేసుకుంటాడు. గెర్లిండే, నువ్వూ కూర్చోవే, ఇక లేవకు.

ఏం చేస్తామమ్మా? సోమవారంనుంచి వాడి లాయరు, నా లాయరు మాట్లాడుకుంటారు. మేమూ మేమూ మాట్లాడుకోవడం ఇక అయిపోయినట్టే. కానీ ఈ ఇంట్లో ఉన్నది ఒక్కటే బల్ల. ఎక్కడికి పోయి తింటాం?

పెట్టుకోరా.