పద్నాలుగు నిలువు

పత్రికలో వారం వారం వచ్చే గళ్ల పజిల్ మీద సమీక్ష రాసే మాస్టారి ఇల్లు, ముందుగది. ఎదుటి కుర్చీలో ఆ పేజీ చూసే సబ్ ఎడిటర్.

"అది కాదు మాస్టారూ, ఈ వారం సమీక్ష ఆఫీసుకి పంపొద్దు. నా చేతికివ్వండి. అందుకే వచ్చాను."

"ఇరవై రెండేళ్లుగా పంపుతున్నాను. ఎవరూ ఇంటికొచ్చి అడగలేదే. కూర్చో అమ్మాయ్, ముందు విను."

"మీరు అందులో... అంటే, పజిల్ గురించి ఏమైనా... ఘాటుగా..."

"నా కలం సంగతి తెలుసుగా. తప్పుంటే తోలు తీస్తాను."

"తెలుసు. అందుకే భయం. ఎడిటర్ గారు ఇప్పటికే రెండుసార్లు పిలిచి చీవాట్లు పెట్టారు. ఇంకొక్క తప్పు దొరికితే ఇంటికి పొమ్మంటారు. మా ఇంట్లో ఉద్యోగం ఉన్నది నాకొక్కదానికే మాస్టారూ."

"విను మరి. 'ఈ వారం పజిల్ విందుభోజనం. పన్నెండు నిమిషాల్లో పూరించి, అప్పుడే అయిపోయిందా అని బాధపడ్డాను.'"

"పన్నెండు నిమిషాల్లో."

"గడియారం ఎదురుగా పెట్టుకున్నాను. 'ముఖ్యంగా పద్నాలుగు నిలువు. నిద్రలో వచ్చేదీ దేవుడిచ్చేదీ కలిస్తే కంగారు. కల, వరం. కలవరం. ఆహా.' ఆహా అని రాశాను చూడు. ఏడాదికొకసారి రాస్తాను ఆ మాట."

"పద్నాలుగు నిలువు నింపారా?"

"నింపక?"

"పెన్నుతోనే?"

"పెన్సిలు పట్టడం నా వంటికి పడదు."

"ఆ కాగితం ఒకసారి చూడొచ్చా?"

"కాగితమా... పాత పేపర్ల వాడికి వేసేశాం అనుకుంటా."

"మొన్న ఆదివారం పేపరు?"

"మా ఇంట్లో ఏదీ నిలవుండదు. ఎందుకు, ఏమైంది?"

"మెల్లగా చెప్తాను వినండి. పద్నాలుగు నిలువు లేదు."

"లేకపోవడమేంటి?"

"ఆధారం ఉంది. గళ్లలో ఆ అంకె లేదు. పదకొండుతో ఆగిపోతాయి. పోయిన నెల గళ్లు తెచ్చి ఈ వారం ఆధారాల పక్కన పెట్టేశాను. చూసుకునేసరికి పేపరు బయటికెళ్లిపోయింది. ఏ మాటా ఏ వరసలోనూ పట్టదు."

"ఒక్కటీ పట్టదా?"

"ఒక్కటీ పట్టదు మాస్టారూ."

"నేను... ఆ మాటే చివర్లో సూచనగా అందామని..."

"చివర్లో 'కూర్పరికి శతకోటి వందనాలు' అని ఉంది. ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది."

"సరే అమ్మాయ్, నీ దగ్గర దాపరికమెందుకు. జవాబుల జాబితా మీ ఆఫీసు నుంచి ముందే వస్తుంది కదా. ఆధారం చదువుతాను, జవాబు చూస్తాను, కుదిరితే మెచ్చుకుంటాను. గళ్ల జోలికి పోయి చాలా ఏళ్లయింది."

"ఎన్నేళ్లు?"

"ఇరవై రెండు అనుకో."

"మరి పాఠకుల నుంచి ఆల్ కరెక్ట్ ఎంట్రీలు నలభై ఒకటి ఎలా వచ్చాయి? జవాబులన్నీ వరసగా రాసి పంపారు. గళ్లు తప్పని ఒక్కరూ అనలేదు."

"వాళ్లంతా మా వాట్సాప్ గ్రూపు వాళ్లే. జాబితా నేనే పెడుతుంటాను. పాపం, ఉత్సాహం ఉన్నవాళ్లు."

"నలభై ఒక్కరూనా?"

"నలభై ఇద్దరు. ఒకాయన ఊళ్లో లేడు."

"అయితే... ఎవరికీ తెలీదన్నమాట."

"ఎవరికీ తెలీదు. నా సంగతి నువ్వు అనవు, నీ సంగతి నేను అనను. సమీక్ష ఇలాగే వేసెయ్."

"ఆహాతో సహానా?"

"ఆహా తీస్తే అనుమానం వస్తుంది."

"మీ మేలు మర్చిపోను. మూడు రోజులైంది నేను సరిగ్గా తిని. అదిగో, అమ్మగారు వస్తున్నారు."

"ఎవరూ, పత్రిక అమ్మాయా? మంచినీళ్లు తీసుకో తల్లీ. ఏమండీ, డాక్టరు గారు రేపు పదింటికి రమ్మన్నారు."

"ఇప్పుడెందుకే అవన్నీ. లోపలికి పద."

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"ఒళ్లు కాదమ్మా, బుర్ర. ముప్పై ఏళ్లుగా మీ పజిల్ ఒక్క గడి మిగల్చకుండా నింపేదాన్ని. ఈ వారం నాలుగు రోజులు కూర్చున్నాను, ఒక్క మాట పట్టలేదు. అంకెలు కూడా కనబడట్లేదు. పద్నాలుగు కోసం వేలు పెట్టి వెతికాను. పేపరు ఇంకా నా తలగడ కిందే ఉంది. ఈయనేమో కాఫీ చల్లారేలోపు అయిపోయిందన్నారు. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ఆఖరికి నన్నే పట్టుకుని నువ్వెవరమ్మా అనేది. నాకు చాలా భయంగా ఉంది తల్లీ."

"మాస్టారూ, చెప్పండి."

"ఏం చెప్పమంటావు?"

"మీకు తెలుసు. మీరు చెబితేనే బాగుంటుంది."

"ఏముంది... వయసు కదా. ఒకసారి చూపిస్తే పోయేదేం లేదు. రేపు వెళ్దాంలే."

"ఆ సమీక్ష ఇలా ఇవ్వండి."

"ఇదిగో. అదేంటమ్మాయ్, చింపేస్తున్నావేంటి?"

"అమ్మా, ఇలా కూర్చోండి. డాక్టరు వద్దు, ఏమీ వద్దు. మీ బుర్రకేం కాలేదు. ఆ గళ్లే తప్పు, వేసింది నేను, రేపు పేపర్లో నా పేరుతోనే ఆ మాట వస్తుంది. ఈ వారం ఆ పజిల్ నింపడానికి నిజంగా కూర్చున్నది మీరొక్కరే."