చేతులు కలిపే వరస

చెయ్యి కలపడానికి దవడెందుకురా గారెట్? చెప్పు! తీగలు చుట్టింది దవడకా, చేతులకా?

ఆ టీవీవాళ్ళు చూడు, "పాపం, దవడ నొప్పి, అందుకే వరసలో నిలబడకుండా లోపలికి వెళ్ళిపోయాడు" అని నీ తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. దవడ విరిగింది ఐస్ హాకీ ఫైనల్లో, ఆరో మ్యాచ్‌లో. అదీ మీవాడు కొట్టిన బిళ్ళ తగిలే. మొహానికి ఇనపజాలీ తగిలించుకుని ఏడో మ్యాచ్ మొత్తం ఆడావు. రిఫరీ మీదకి ఎగిరావు. బెంచీ గోడకేసి కర్ర విరగ్గొట్టావు. అప్పుడు లేని నొప్పి, చెయ్యి కలపాల్సి వచ్చేసరికి పుట్టుకొచ్చిందా?

ఊఁ, ఏంటా మూలుగు? తాగు, తాగు. బీట్‌రూట్ సూపే. నీకోసం మిక్సీలో వేసి గుజ్జు చేశాను. మా అమ్మ బతికుంటే నన్ను చెప్పుచ్చుకు కొట్టేది. బోర్ష్‌ని స్ట్రా పెట్టి తాగినవాణ్ణి మా వంశంలో ఎవరూ చూళ్ళేదు నాయనా.

తలుపు కొడితే ఎమీల్ ముందే వచ్చేశాడనుకుని, చేతులకి పిండైనా కడుక్కోకుండా పరిగెత్తాను. తీరా చూస్తే నువ్వు! కోటూ బూటూ వేసుకుని పెళ్ళికొచ్చినవాడిలాగా. మీ నగరం నుంచి ఎంతసేపు బండి తోలావో, ఎందుకొచ్చావో, నోరు తెరిచి చెప్పలేవు. నా అదృష్టం. పదేళ్ళలో మొదటిసారి నా మాట అడ్డుతగలకుండా వింటున్నావు.

ఇవాళ కప్పు ఈ వీధికొస్తోందని తెలిసే వచ్చావు కదూ? గెలిచిన జట్టులో ఒక్కొక్కడికీ దాన్ని ఒకరోజు ఇస్తారు కదా, ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్ళమని. ఎమీల్ తన రోజుని నా వంటింటికిచ్చాడు. సొంతూరు కాదనుకుని ఈ గోధుమ పొలాల మధ్యకి మోసుకొస్తున్నాడు, నా కోసం! కప్పుతోపాటు తెల్ల గ్లవ్స్ వేసుకున్న కాపలా మనిషి కూడా వస్తాట్ట. వాడికీ ఆలుగడ్డ కూరి పెరోగీలు చెయ్యాలి మరి.

కిటికీలోంచి అలా చూడు. చర్చి హాల్లో కుర్చీలన్నీ నా గుమ్మం ముందే ఉన్నాయి. పక్కింటి లూబా జుట్టుకి రంగేసుకుంది. ఎప్పుడైనా వేసుకుందా ఆవిడ? వాళ్ళాయన శవం ముందు కూడా నెరిసిన తలతోనే కూర్చుంది! ఇవాళ కప్పుతో ఫోటో దిగాలని వేసుకుంది. వాళ్ళందరికీ నువ్వు లోపలున్నావని తెలీదు. తెలిస్తే ఆ కుర్చీలు నీ మీదకే వస్తాయి.

ఎందుకు రావు? మీ టైటన్స్ అంటే మాటలా! డబ్బు కుమ్మరించి తెచ్చుకున్న జట్టు. అవతల ఎమీల్ వాళ్ళ లూన్స్. నీటిపిట్ట పేరు పెట్టుకున్నవాళ్ళని చూసి ఎవడు భయపడతాడు? చివరి వారందాకా వాళ్ళు ప్లేఆఫ్‌కి వస్తారో రారో వాళ్ళకే తెలీదు. ఫైనల్లో మీ ముందు నిలబడితే లోకమంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాదనను.

కానీ నువ్వేం చేశావు? సెమీఫైనల్ గెలిచినప్పుడు ఆ చిన్న కప్పు బల్లమీద పెడతారు. దాన్ని ఎవడైనా ముట్టుకుంటాడా? పక్కన నిలబడి, మొహం గంటుపెట్టుకుని, ఫోటో దిగి వచ్చేస్తారు. పెద్దది గెలవకుండా దీన్ని తాకితే అరిష్టమని ఈ దేశంలో పాలబుగ్గల పసిదానికి కూడా తెలుసు. నువ్వు నెత్తిమీదకెత్తుకున్నావు! ముద్దుపెట్టుకున్నావు! ఆ చప్పుడు నాకు టీవీలో వినిపించిందిరా. లూబా శిలువ గీసుకుంది.

మీ ఊరివాళ్ళు ఇంకా ఘనులు. నాలుగు గెలిస్తేగానీ కప్పు రాదు కదా, మూడు మ్యాచ్‌లు గెలిచారో లేదో ఊరేగింపు ఏ వీధిలో వెళ్ళాలో రంగు గీతలు గీశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం!

అవన్నీ పోనీ. పొగరు ఎవరికుండదు, గెలిచేవాడికి కాస్త ఉండాలి కూడా. కానీ మూడో మ్యాచ్ అయ్యాక మైకు ముందు ఏం కూశావు? గుర్తుందా? నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎమీలా? మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకే గదిలో పెరిగాం. రాత్రిళ్ళు దుప్పటి ముసుగేసుకుని అమ్మా అమ్మా అని ఏడ్చేవాడు. ఇంకో మ్యాచ్ ఆగండి, మళ్ళీ ఏడిపిస్తా" అన్నావు. ఆ పత్రికలవాళ్ళందరూ పళ్ళికిలించారు.

ఛీ! ఆ మాట అన్నది ఎవరింటి గురించిరా? నా బేస్‌మెంట్ గురించి. పదహారేళ్ళ పిల్లల్ని జూనియర్ జట్టువాళ్ళు తెచ్చి, ఒక్కో సంచీతో నా గుమ్మంలో దింపిపోయారు. ఆడించేది వాళ్ళు, అన్నం పెట్టేది నేను. ఇద్దరూ నన్ను డార్కమ్మా అని పిలవడం మొదలుపెట్టింది కూడా ఒకే రోజు. వాడికి ఇంగ్లీషు సరిగ్గా రాదు, ఇల్లు గుర్తొచ్చేది, ఏడ్చేవాడు. ఏడిస్తే?

మరి నీ సంగతో? ఆ మొదటి చలికాలం నీ పరుపు మీద దుప్పటి రోజూ ఎవరుతికేవారో టీవీలో చెప్పావా? తెల్లారకముందే వాషింగ్ మెషీన్ ఎందుకు తిరిగేదో చెప్పావా? సిగ్గుపడకు, ఇక్కడెవరూ లేరు. ఎమీల్‌కి తెలుసు. అదే గదిలో పడుకున్నవాడికి వాసన రాదా? ఈ పదేళ్ళలో ఒక్కడి దగ్గర అన్నాడేమో కనుక్కో. అనలేదు. నీ మాట విన్నాక కూడా, అదే మైకు ముందు కూర్చుని, "గారెట్ మంచి ఆటగాడు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏమైందో నాకంటే నీకే బాగా తెలుసు. నాలుగో మ్యాచ్‌లో వాడు గోల్ ముందు గోడ కట్టాడు. నువ్వెటు కొట్టినా వాడి కాలో, చెయ్యో, ఛాతీయో అడ్డం. కొట్టేముందు నీ ఎడమ భుజం కిందికి జారుతుందని వాడికి తెలుసు. నా గరాజ్ తలుపుకేసి నువ్వు బిళ్ళ కొడుతుంటే అడ్డం నిలబడ్డది వాడే కదా! ఆ సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి. అయిదో మ్యాచ్ పోయింది, ఆరు పోయింది, ఏడోది ఏడిపించింది. వాణ్ణి కాదు, నిన్ను. అప్పుడేమన్నావు? ఐసు మెత్తగా ఉందన్నావు! ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. వాళ్ళాడింది వేరే ఐసు మీదా?

ఓడిపోయావు, సరే. లోకంలో ఓడనివాడెవడు? కానీ ఆ వరస వదిలేసి పోయావే, అది చూళ్ళేకపోయాను గారెట్. ఈ ఆటలో మర్యాద అన్నది ఏముందిరా? పళ్ళు రాలగొట్టుకుంటారు, కర్రలతో డొక్కలో పొడుచుకుంటారు, అమ్మలక్కల్ని తిట్టుకుంటారు. సిరీస్ అయిపోయాక మాత్రం రెండు జట్లూ ఎదురెదురుగా వరస కట్టి, ఒక్కొక్కడూ ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని ముందుకు కదులుతారు. ఉన్నదల్లా ఆ ఒక్క మర్యాదే. నోట్లోంచి రక్తం కారుతున్నవాడు కూడా నిలబడతాడు. మీ కోచ్ నిలబడ్డాడు. కుంటికాలివాడు నిలబడ్డాడు. నువ్వు, కెప్టెన్‌వి, వీపు చూపించి, బట్టలు మార్చుకునే గదికెళ్ళే సొరంగంలో దూరిపోయావు.

వాడు గ్లవ్ తీసి పట్టుకుని నిలబడ్డాడురా. మీ వాళ్ళందరి చేతులూ అయిపోయాయి. అయినా నిలబడ్డాడు, నువ్వు మళ్ళీ వస్తావేమోనని ఆ సొరంగం వైపే చూస్తూ. వెనక వాడి జట్టంతా కప్పు దగ్గర గంతులేస్తోంది. కెమెరావాడు వాడి మొహం మీంచి కదల్లేదు. లక్షలమంది చూశారు. ఈ గదిలో నాతోపాటు వీధి వీధంతా చూసింది. "వీడేనా డార్కా, నువ్వు పెంచింది?" అని లూబా నన్నడిగింది. అడిగింది ఎవరి గురించి అనుకున్నావు? గెలిచినవాడి గురించి కాదు.

అందుకే చెప్తున్నా. వాడు ఇంకాసేపట్లో ఆ తలుపులోంచి వస్తాడు. నువ్వు బాత్రూంలో దాక్కోవడాలూ, దొడ్డిదారిన జారుకోవడాలూ కుదరవు. అందరి ముందూ లేచి నిలబడి చెయ్యివ్వాలి. ఇవ్వకపోతే ఈ గుమ్మం మళ్ళీ తొక్కకు. ఇంకో గిన్నె సూపు ఉండదు, డార్కమ్మా లేదు, గీర్కమ్మా లేదు.

ఏంటి? ఎందుకలా తల ఊపుతున్నావు? అందుకా? అందుకే వచ్చావా?

హమ్మా! ఏదీ, మళ్ళీ ఊపు. చెయ్యివ్వడానికే వచ్చావా అంత దూరం నుంచి? మరి ఆ మాట ముందే ఒక కాగితమ్మీద రాసి చూపించొచ్చు కదరా, మొద్దూ! ఇంతసేపు నా గొంతు అరగదీశావు. పైగా ఏమీ ఎరగనట్టు కోటు తొడుక్కుని సూపు పీలుస్తున్నాడు చూడు, పెద్దమనిషి.

సరే, లే. లేచి నిలబడు. చాపు, చూస్తాను. అది చెయ్యా, చచ్చిన చేపా? గట్టిగా! కళ్ళలోకి చూడు. నేల మీదేం లేదు. మాట్లాడలేవు కాబట్టి బతికిపోయాడు వాడు. నువ్వు నోరు తెరిచి క్షమాపణ చెప్పినా అందులో ఏదో ఒక వెటకారం దొర్లుతుంది. ఆఁ, ఇప్పుడు కాస్త నయం. చెమటలు పడుతున్నాయేంట్రా? ఫైనల్లో పట్టనివి...

ఉండు, ఫోను. కదలకు అక్కణ్ణుంచి.

హలో! ఎమీల్! ఎక్కడిదాకా వచ్చావు నాన్నా? పెట్రోలు బంకు దగ్గరా? ఇంకేం, ఇటు తిరిగితే ఇల్లే. పెరోగీలు చల్లారిపోతున్నాయి. ఏంటి? ఎవరు చెప్పారు? ఓహో, బంకులోవాళ్ళు వాడి బండి చూశారా. ఆఁ, ఉన్నాడు. ఇక్కడే, నా ఎదురుగా.

ఎందుకు రావు? ఇటు విను, వాడు దానికే వచ్చాడు. చెయ్యి చాపుకుని నిలబడ్డాడు, నా కళ్ళతో చూస్తున్నాను. అబద్ధమాడతానా నేను? నువ్వొచ్చి పుచ్చుకుంటే అయిపోతుంది, రెండు క్షణాల పని. ఆఁ. ఆఁ. తెలుసు నాన్నా, నువ్వు ఎంతసేపు నిలబడ్డావో నేనూ చూశాను. ఆ ఏడుపు మాట కూడా విన్నాను. తప్పే. నేనేమైనా ఒప్పన్నానా?

అదేంటి, వాణ్ణి పంపించేస్తేనే వస్తావా? ఆ మాట నువ్వేనా అంటున్నది? కప్పు చేతిలో ఉందని నాకు షరతులు పెడుతున్నావా? వీధంతా కూర్చుని ఉంది. లూబా తలకి రంగేసుకుంది ఎమీల్!

పంపను. పంపను, అంతే. తిట్టడానికి నాకు హక్కుంది. గెంటమని చెప్పడానికి నీకు లేదు. అయితే తీసుకుపో. ఊళ్ళో ఆ ఐసు రింకుకే తీసుకుపో, అందరూ అక్కడే చూస్తారు. నాకు చూడాలని ఏం లేదు. సరే. సరే నాన్నా. జాగ్రత్తగా తోలు.

పెట్టేశాడు.

విన్నావుగా. రాట్ట. కప్పుతో సరాసరి రింకుకి పోతాట్ట. నిన్ను చూడగానే, ఆ సొరంగం ముందు నిలబడ్డది గుర్తొస్తుందట. "నేను ఆగాను కదమ్మా, ఇప్పుడు వాణ్ణి ఆగమను" అన్నాడు. బావుంది. ఒకడికి ఓడిపోవడం చేతకాదు, ఇంకొకడికి గెలవడం చేతకాదు. ఇద్దరూ నా చేతి కూడు తిని పెరిగినవాళ్ళే. ఛాంపియన్లని పెంచిన తల్లి అని ఊళ్ళోవాళ్ళు పొగుడుతుంటే ఉబ్బిపోయాను. ఏం పెంచానో నా మొహం!

అలా చూడకు నా వైపు. నీ మీద ప్రేమ పొంగిపొర్లి ఉండమన్నాననుకుంటున్నావా? వాడన్న దాంట్లో వంకపెట్టడానికేం లేదు. న్యాయం వాడిది, కప్పు వాడిది, బయట కూర్చున్న జనమంతా వాడిది. వాడికి నేను లేకపోయినా జరుగుతుంది. నీకు? నువ్వెందుకూ కొరగానివాడివి. ఈ వేళ నిన్ను గెంటితే నిన్ను రానిచ్చే గుమ్మం ఇంకోటి ఉందా?

కూర్చో. ఆ సూపు పూర్తిచెయ్యి. నేను బయటికెళ్ళి, కుర్చీలు ఎత్తేసి రింకుకి పొమ్మని వాళ్ళకి చెప్పొస్తాను. ఎందుకని అడుగుతారు. ముందుగా ఆ లూబాయే అడుగుతుంది.