నేను సరే అన్న రెక్క

సభకు అధ్యక్షత వహిస్తున్న బెంజిమిన్ మాస్టారికి, ఇందాకటి నుంచి నన్ను నా బరువుకు మించి మోస్తున్న మోటారు వర్క్‌షాపుల సంఘం పెద్దలకు, హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి, బెజవాడ నుంచి పనులు మానుకొని నరసరావుపేట దాకా వచ్చిన కార్ల యజమానులకు, పదకొండేళ్ళు నాకు పని ఇచ్చిన షఫీక్‌కు, షెడ్డులో నాతో పాటు రెజిన్ వాసన పీల్చిన తోటివాళ్ళకు, మొదటి వరుసలో కూర్చొని శాలువా జారిపోతోందని నాకు సైగలు చేస్తున్న మా ఆవిడ సుశీలకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నేను దుర్గి ఊరి రాతిపనివాడిని. మా తాత, మా నాన్న నందులు, నాగప్రతిమలు చెక్కారు. నేనూ ముప్పై ఏళ్ళు అవే చెక్కాను. సభల్లో మాట్లాడటం నాకు చేతకాదు. మాస్టారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఆయన మాత్రం ముప్పావుగంట తీసుకున్నారు కాబట్టి, నాది కాస్త అటూ ఇటూ అయితే ఆయనే సర్దుకోవాలి. (నవ్వులు)

రాతిపనివాడికి స్పోర్ట్స్ కార్లతో ఏం పని అని కొత్తవాళ్ళకు అనిపించవచ్చు. పదకొండేళ్ళ కిందట షఫీక్‌ది వినుకొండ రోడ్డులో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. నేలకు జానెడెత్తు కూడా లేని రెండు తలుపుల కారొకటి పిడుగురాళ్ళ దాటాక స్పీడ్ బ్రేకర్ మీద మూతి పగలగొట్టుకొని ఆ షెడ్డుకు వచ్చింది. అసలు సామాను విదేశం నుంచి రావాలంటే ఐదు నెలలు పడుతుందన్నారట. షఫీక్ ఆ ముక్కల్ని గోనెసంచిలో వేసుకొని, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ దుర్గి వచ్చి, నేను చెక్కుతున్న నంది ముందు కుమ్మరించాడు. "మామా, నంది మూతి చేసేటోడివి, కారు మూతి చెయ్యలేవా ఏంది?" అన్నాడు. అంతకు ముందు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసి ఎరగం. పని పడింది కాబట్టి వరస కలిపేశాడు, ఆ వరస అలాగే ఉండిపోయింది.

సగం బొమ్మ ఉంటే మిగతా సగం చేయడం మాకు రోజూ ఉండే పనే. ప్లాస్టర్‌తో అచ్చు చెక్కాను, దాని మీద షఫీక్ గాజుపీచు గుడ్డ, రెజిన్ జిగురు పొర మీద పొర వేశాడు, ఆరాక ఊడదీసి కారుకు పెట్టి చూస్తే ఎడమ వైపు వేలెడు సందు. మూడుసార్లు కొలిచాను, నా అచ్చు రెండు వైపులా సమానంగానే ఉంది. షఫీక్ నెత్తి పట్టుకొని, "మామా, ఇది దేవుడి మొహం గాదు, దెబ్బ తిన్న మొహం. దీనికి రెండు బుగ్గలూ ఒకటి గావు" అన్నాడు. ఆ కారు అంతకు ముందెప్పుడో ఎక్కడో గుద్దుకొని ఎడమ పక్క లోపలికి పోయి ఉంది. కొలతకు కాదు, ఎదురుగా ఉన్న బండికి చేయాలని ఆ రోజు నాకు తెలిసింది. ఆ మూతి ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దాని యజమాని మూడో వరుసలో ఉన్నాడు, ఆ బట్టతల ఆయన. (నవ్వులు)

అలా మొదలై, మూతుల నుంచి పక్క పలకలకు, గాలి తూములున్న బానెట్లకు, చివరికి వెనక డిక్కీ మీద పెట్టే రెక్కల దాకా వచ్చాం. నాలుగేళ్ళ కిందట నీలిమ మా షెడ్డులో చేరింది, మన మాస్టారి దగ్గర పాలిటెక్నిక్ చదివిన అమ్మాయి. కంప్యూటర్లో గీసి కారు ఒళ్ళంతా కొలిచేస్తుంది. నా కంటి కొలతకూ ఆమె కంప్యూటరుకూ రోజూ పోట్లాటే. ఎవరు ఎక్కువసార్లు గెలిచారో ఈ సభలో చెప్పను. (నవ్వులు)

షెడ్డులో ఒక పద్ధతి మాత్రం నేను పెట్టింది. మేము రాయి ఎంచుకునేటప్పుడు సుత్తితో కొట్టి వింటాం. గట్టి రాయి ఖణేలుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. ఈ గాజుపీచు ఫైబర్ కూడా అంతే. పొరల మధ్య గాలి మిగిలిపోతే అవి అతుక్కోవు, పైకి కనపడదు, రంగు వేశాక అసలే కనపడదు. అందుకని ప్రతి సామానునూ పాత రూపాయి బిళ్ళతో అంగుళం అంగుళం కొట్టి విని, నేను సరే అంటేనే షెడ్డు దాటాలన్నాను. షఫీక్ ఒప్పుకున్నాడు. పెద్ద పెద్ద కార్లవాళ్ళు చేతులు కట్టుకొని నిలబడి నా నోటి నుంచి ఆ ఒక్క మాట కోసం చూసేవాళ్ళు. నాకది చాలా బాగుండేది, దాచుకోవడం ఎందుకు.

ఇందాక ముగ్గురు పెద్దలు మాట్లాడుతూ, పదకొండేళ్ళలో రామబ్రహ్మం సరే అన్న సామాను ఒక్కటీ వెనక్కి రాలేదన్నారు. ఆహ్వానపత్రికలోనూ అదే వేశారు. అది నిజం కాదు. ఒకటి వచ్చింది. నేనే వెళ్ళి తెచ్చాను.



పోయిన నెల గోపీచంద్ కారుకు రెక్క చేశాం. గోపీచంద్‌ది కారంపూడి, ఉండేది హైదరాబాదులో. ఆదివారాలు కారును రేసు ట్రాక్ మీదకు తీసుకెళ్ళి తోలడం అతనికి సరదా. అంత వేగంలో వెనక రెక్క మీద గాలి పడి కారును నేలకు అదిమి పట్టాలి; ఆ రెక్క కాస్తా విరిగిందంటే వెనక చక్రాలకు నేల మీద పట్టుండదు, లోపలున్న మనిషి మన చేతిలో ఉండడు. మంగళవారం ఆ రెక్కను మామూలుగానే కొట్టి చూశాను, సరే అన్నాను, కారు వెళ్ళిపోయింది.

బుధవారం అదే అచ్చులో తీసిన రెండో రెక్కను నీలిమ ఊరికే కొట్టి చూస్తూ, "బాబాయ్, ఈడ మొద్దుగా పలకతంది" అంది. ఎక్కడమ్మా అన్నాను. "ఈడ, రెక్కను నిలబెట్టే స్టాండు పైన ఒంపులో. ఇనపడతల్లేదా?" అని మళ్ళీ కొట్టింది. నాకు అక్కడా ఇక్కడా ఒకటే. నిజం చెబుతున్నాను, ఈ పిల్లకు ఇంకా చెవి కుదరలేదనే అనుకున్నాను. నీలిమ వాదించలేదు. ఒక చిన్న పలక చేసి, పొరల మధ్య ఒకచోట ప్లాస్టిక్ కాగితం పెట్టి మూసి, మర్నాడు ఆరాక నన్ను కళ్ళు మూసుకోమంది. నాలుగు మూలలా కొట్టి ఒక చోటు చూపించాను. కాగితం ఉన్నది ఇంకో చోట. మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ తప్పే.

ఇంట్లో రెండేళ్ళుగా టీవీ దగ్గర గొడవ. "వీధి చివర పుల్లమ్మత్త కూడా మన టీవీయే ఇంటంది" అని మా ఆవిడ అనేది, నువ్వే నోట్లో నోట్లో మాట్లాడుతున్నావని నేననేవాడిని. సుశీలా, నువ్వు సరిగ్గానే మాట్లాడావు. ఇంతమంది ముందు ఒప్పుకుంటున్నాను, ఇంటికెళ్ళాక మళ్ళీ అడక్కు. (నవ్వులు) తరవాత గుంటూరులో డాక్టరు పరీక్ష చేసి, ఉలి చప్పుడుకు, గ్రైండరు చప్పుడుకు సన్నని శబ్దాలు వినే శక్తి పోయిందని చెప్పాడు. ఎప్పుడు పోయిందో చెప్పలేం, రెండేళ్ళు అయి ఉండవచ్చు అన్నాడు. ఈ రెండేళ్ళూ నా చెయ్యి అలవాటుగా కొడుతూ పోయింది, నోరు అలవాటుగా సరే అంది. మధ్యలో చెవి లేదని ఆ రెండింటికీ తెలియలేదు.

గురువారమే గోపీచంద్‌కు ఫోన్ చేశాం. ఏం కాదులే, ట్రాక్ నుంచి వచ్చాక చూద్దాం అన్నాడు. నాకు భయమేసింది. శుక్రవారం పొద్దున్నే సంచిలో రెండు పానాలు వేసుకొని హైదరాబాదు బస్సెక్కి, అతని అపార్టుమెంటు సెల్లారులో కారు పక్కన కూర్చున్నాను. గోపీచంద్ దిగొచ్చి చూసేసరికి ఎనిమిది బోల్టుల్లో ఆరు విప్పేశాను. "ఏంది బాబాయ్, పెట్టినోడివీ నువ్వే, పీకేటోడివీ నువ్వేనా?" అని అరిచాడు. అవునయ్యా, నేనే అన్నాను. అతను నా మొహం చూసి, మిగతా రెండూ తనే విప్పాడు. ఆ రెక్కను ఒళ్ళో పెట్టుకొని బస్సులో వస్తుంటే కండక్టరు, "ఏంది తాతా, ఇమానం పడిపోయిందా?" అన్నాడు. (నవ్వులు)

షెడ్డులో షఫీక్ దాన్ని నిలువునా కోశాడు. సరిగ్గా స్టాండు పైన, నా అరచెయ్యంత మేర పొరలు విడిపోయి ఉన్నాయి.  షఫీక్ రంపం కింద పెట్టి, "ఇది మన మధ్యనే ఉండనీ మామా, ఎవురికీ ఏం కాలేదుగా" అన్నాడు. నీలిమ, "మరి మిగతాయి?" అని అడిగింది. 

ఆ తరవాతే నేను పని మానేస్తానన్నాను. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. మోకాళ్ళకు ఏమీ కాలేదు, కావాలంటే ఇప్పుడు ఈ మెట్లు ఎక్కిదిగి చూపిస్తాను. (నవ్వులు) షఫీక్ ఈ సభ పెట్టాడు, ఆహ్వానపత్రికలు అచ్చు వేయించాడు, నెల రోజులు నేనేమీ మాట్లాడలేదు. సిగ్గు ఒక కారణం. రెండోది, ఈ శాలువా. కప్పించుకోవాలనిపించింది. కప్పించుకున్నాక తెలుస్తోంది, ఇది ఏ మాటకు కప్పారో ఆ మాటే అబద్ధమని.

మాస్టారు చీటీ ఇస్తున్నారు. టైమయిందనా మాస్టారూ? కాదు, ఇది షఫీక్ రాసింది. "మామా, ఇక చాలు, దండం పెడతా" అని ఉంది.

షఫీక్, నీ భయం నాకు తెలుసు. నీ షెడ్డు మీద ఏడు కుటుంబాలు బతుకుతున్నాయి, నా నోటి మాటతో పెరిగిన పేరు నా నోటి మాటతోనే పోతుందేమోనని నీ బాధ. నీ పనిలో ఏ లోపమూ లేదు, ఎక్కడైనా నలుగురు పనిచేసే చోట అప్పుడప్పుడూ గాలి మిగులుతుంది. దాన్ని పట్టుకోవడానికే నేనున్నాను, నేనే పట్టుకోలేదు. తప్పు నాది. కానీ నీలిమ అడిగిన మాటకు నెల రోజులుగా నాకు నిద్ర లేదు. ఈ రెండేళ్ళలో నేను సరే అన్నవి అరవై మూడు. అన్నీ బాగానే ఉండవచ్చు. ఉండకపోవచ్చు. నాకు తెలియదు, తెలిసే దారీ నాకు లేదు.

అయ్యా, ఇవాళ మీరు నా మీద అభిమానంతో వేసుకొచ్చిన కార్లు పంతొమ్మిది, పక్క మైదానంలో ఉన్నాయి. వాటిలో పద్నాలుగింటికి ఈ రెండేళ్ళలో నేనన్న సరే ఉంది. నీలిమ ఇందాకే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది, నేనే వెళ్ళమన్నాను. ఆమె ప్రతి రెక్కా, ప్రతి బానెట్టూ కొట్టి విని చెప్పేదాకా ఎవరూ తాళం తిప్పవద్దు. ఆమె వద్దంటే అక్కడే విప్పించుకొని వెళ్ళండి. కారు అందం తగ్గుతుంది, అంతే. ఇక్కడికి రాని వాళ్ళకు రేపటి నుంచి నేనే ఫోన్లు చేస్తాను, వాళ్ళు చెప్పేది వినడానికి మా ఆవిడ పక్కన కూర్చుంటుంది.

షఫీక్ లేచాడు. బయటికి వెళ్ళిపోతున్నాడు. ఆపకండయ్యా, అతని కోపం న్యాయమైనదే. ఇంట్లో పెళ్ళిలా చేసిన సభను నేనిలా చేశాను.

(గుమ్మం దగ్గర అలికిడి)

గుమ్మం దగ్గర ఎవరో ఏదో అంటున్నారు. నాకు వినపడలేదు, కొంచెం గట్టిగా చెప్పండి. ఆఁ? నీలిమ దగ్గరికి వెళ్ళాడా? ఏం చేస్తున్నాడు? మొదటి కారు పక్కన గొంతుక్కూర్చున్నాడా? ఆమె కొడుతుంటే అతను చెవి ఆనించి వింటున్నాడా?

అయితే ఇక నేను ఆపాలి. మైకు పెట్టెలు రెండూ మైదానం వైపే కట్టారు, నేను మాట్లాడుతుంటే వాళ్ళకు ఆ చప్పుడు తెలియదు. నన్ను ఇన్నాళ్ళు నమ్మినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. చప్పట్లు కొట్టకండి, కుర్చీలు కూడా జరపకండి. మైకు కట్టెయ్యి బాబూ. సెలవు.