గీత దాటిన సంతకం

వెయ్యిన్నీ తొమ్మిది వందల ఎనభై ఏడు, జూలై ఆరవ తేదీన, చిన్న విమానాల మరమ్మతు కేంద్రంలో విడిభాగాలు కడిగే సహాయకులుగా ఆయన ఉద్యోగ ప్రవేశం చేశారు. మొదటి ఏడాదంతా కిరోసిన్‌లో చేతులు నానడమే తప్ప ఇంజను మీద చెయ్యి వేసే యోగం కలగలేదు. అయినా విసుగెరుగక, పగలు పని, సాయంత్రం చదువుగా పదకొండేళ్ళు శ్రమించి, ‘ఈ విమానం ఎగరడానికి యోగ్యం’ అని సంతకం చేసే అధికారాన్ని సాధించారు. రెక్కల సందుల్లోనూ చక్రాల గూళ్ళలోనూ దీపం వేసి వెతికే ఆయనకు ‘టార్చిలైటు’ అని పేరు పడింది. ప్రధాన నిపుణులైన తరువాత ఆ పేరు వెనుక ‘గారు’ చేరిందే గాని, పేరు మారలేదు.

తన పదవీ విరమణ సందర్భంగా వెలువడే ఈ సంచికకు వ్యాసం రాస్తామని సహోద్యోగులు వెళ్ళినప్పుడు ఆయన ఒకే షరతు పెట్టారు. “డాక్టరు గారి సంగతి రాస్తేనే రాయండి. అది వదిలేసి నన్ను పొగిడితే ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళను.”

ఆ దంతవైద్యులకు నాలుగు సీట్ల సొంత విమానం ఉండేది. పద్నాలుగేళ్ళు దాని బాగోగులన్నీ ఆయనే చూశారు. “మీ పని నయమండీ, మీ పేషెంట్లు కేకలు పెట్టరు” అని వైద్యులు నవ్వేవారు. ఒక ఏడాది పరికరాల మీద పడే దీపాలు ఇంకా వెలుగుగా కావాలన్నారు. మరుసటి ఏడాది ఎత్తు చూపే పరికరం తీయించి పెద్దది పెట్టించారు. ఆపై ముళ్ళు తిరిగే పాత పరికరాలన్నీ తొలగించి, పెద్ద అంకెల తెర అమర్చమన్నారు. నాలుగు నెలలు వైరు వైరునూ పరీక్షించి ఆయన దాన్ని అమర్చారు. విమానం అప్పగించిన రోజున, లాగ్‌బుక్కులో వైద్యుల సంతకం గీత దాటి కింది వరుసలోకి జారింది.

“కళ్ళు చూపించుకున్నారా డాక్టరు గారూ?”

“చూపించుకున్నాలెండి. వయసు కదా!”

ఆయన విమానం తాళం తీసి వైద్యుల చేతిలో పెట్టారు. స్నేహం నోటికి అడ్డుపడింది.

మూడు వారాల తరువాత, మబ్బు తునక లేని ఉదయాన, రన్‌వేకు ఇవతలి ప్రహరీ గోడను ఢీకొని ఆ విమానం కాలిపోయింది. ఒంటరిగా ఉన్న వైద్యులు దక్కలేదు. యంత్రలోపం ఏదీ లేదని విచారణలో తేలింది. “మీ కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి, వెళ్ళొచ్చు” అన్నారు విచారణాధికారి. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనుదిరిగారు.

“ఒక్క మాట ఉండిపోయిందండీ. ఆయనకి చూపు తగ్గిందని నాకు అనుమానం వచ్చింది. వచ్చి కూడా తాళం ఇచ్చాను.”

ఎవరూ అడగని ఆ మాటకు ఏడాది పాటు సంతకాధికారం పోయింది. తాను పని నేర్పిన శిష్యుడి కింద మళ్ళీ విడిభాగాలు కడిగారు. అంతకు మించిన శిక్ష వైద్యుల భార్య రూపంలో, విమానాలు నిలిపే హ్యాంగరుకే వచ్చింది. “పద్నాలుగేళ్ళు మా ఇంట్లో కాఫీ తాగారు. నా చెవిన ఒక్క ముక్క వేసుంటే తాళం నేనే దాచేసేదాన్ని కదండీ!” అన్నారు ఆవిడ, అందరి ఎదుటా. ఆయన తల వంచుకుని నిలబడ్డారు.

నాటి నుంచి ఆయన యంత్రంతో పాటు యజమానినీ పరీక్షించారు. చేతులు వణుకుతున్నాయని తాళం ఇవ్వకపోతే ఒక కాంట్రాక్టరు, “నువ్వు మెకానిక్‌వా, డాక్టరువా?” అని మండిపడ్డారు.

“మెకానిక్‌నేనండీ. మీ ఆవిడకి ఫోన్ చేశాను, వస్తున్నారు. అప్పటిదాకా తాళం నా దగ్గరే ఉంటుంది.”

అలా అలిగి నలుగురు యజమానులు తమ విమానాలను వేరే చోటికి తరలించారు. ముగ్గురు నేటికీ క్షేమంగా ఉన్నారు. కాంట్రాక్టరు గారి విమానం కూలిన సంగతి ఆయన పత్రికలో చదివి, ఆ రోజు భోజనం ముట్టలేదు.

మొన్న ఈ వీడ్కోలు సభ ఆహ్వానపత్రిక పట్టుకుని ఆయన స్వయంగా వైద్యుల ఇంటికి వెళ్ళారు. ఆవిడ గుమ్మంలోనే అందుకుని, “రాలేనండీ” అన్నారు. తలుపు వేయబోతూ ఆగి, “ఆరోగ్యం జాగ్రత్త” అన్నారు.

ఇన్నేళ్ళుగా ఏ ఝాముకో ఉలిక్కిపడి లేచి కూర్చుంటారని ఆయన సతీమణి చెబుతారు. కనుక ఆయురారోగ్యాలతో ఆయన నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, ఆ నూరేళ్ళలో ఇక మిగిలిన ప్రతి రాత్రీ కంటినిండా నిద్ర పట్టాలని సహోద్యోగులందరూ మనసారా కోరుకుంటున్నారు.