పుంజు మెడ ఈక

గిగూ అనే ఏటి మీద పండిన ఆకులు కొట్టుకుపోతున్నాయి. రేపటి నుంచి చేపల వేట బంద్. పొద్దుట్నుంచీ ఒడ్డున గాలం వేసినా ఒక్క ట్రౌట్ చేపా తగలని అతని కళ్ళు మాత్రం, తన భార్య తూదా వాళ్ళన్న టోపీకి గుచ్చి ఉన్న, ఈకలతో పురుగులా కట్టిన ఎర మీదే ఉన్నాయి.

"ఆ ఎర్ర ఈక ఎక్కడిది బావా?"

"ఎక్కడో దొరికింది."

"అది మా పుంజు మెడ ఈక. మెడ బోసిపోతే పిల్లి పనేననుకుని దాన్ని తరిమి కొట్టాను."

"పాపం పిల్లి."

"నేనడిగితే తూదా ఆ పుంజుని ముట్టుకోనివ్వదు. అన్నకైతే పీకి మరీ ఇస్తుంది. మొన్న మీ ఇంట్లో తిన్న చేప దీనికే పడిందా?"

"దీనికే."

"అంటే మా ఇంటి ఈకతో చేపని పట్టి, నాకే వడ్డించి మీసం మెలేశావన్నమాట."

"నేనెక్కడ మెలేశాను? వల పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను, అంతే."

అతను దారం చుట్టడం ఆపేశాడు.

"మరి పట్టిందెవరు?"

"తూదా. ఎర కట్టిందీ తనే."

"ఆ రోజు స్నానానికి హమ్మాంకి వెళ్తున్నానంది."

"తడి జుట్టుతోనే వచ్చిందిగా."

అతను రెండు చేతులూ ఎడంగా పెట్టి కొలత చూపించాడు.

"నిరుడు నేను పట్టినదాని కన్నా పెద్దదా?"

"అందుకే నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."